సగం వాన

తుక్కుగూడ దాటి ఎడమకు తిరిగితే
పాలకేంద్రం దగ్గర డాంబరు అయిపోతుంది.
అక్కణ్నుంచి మా ఇల్లు ఆరువందల నలభై మీటర్లు.
అడుగులేసి కొలిచాను, రెండుసార్లు.
ఫైబరు పాలకేంద్రం స్తంభం దాకా వచ్చి
చుట్ట చుట్టుకుని కూర్చుంది,
పిలిస్తే గానీ లోపలికి రాని చుట్టంలా.

మలక్‌పేటలో ఒక్క గదికి కట్టిన అద్దెకి
ఇక్కడ మూడు గదులు, బోరు, పిట్టగోడ మీద నెమలి.
సామాను దించిన మూడో రోజుకి గానీ తెలియలేదు
ఫోన్‌లో ఒక్క గీతే ఉందని,
అదీ వంటింటి కిటికీలో, గరిటె పట్టుకునే చోట.

నాకు వినపడదు.
ఎనిమిది మంది పిల్లలకి
తెర మీద సైగలు నేర్పడం నా కొలువు.
లైను తెగితే మీకు గొంతు గరగరమంటుంది,
మిగతాది ఊహించుకుంటారు.
నా చెయ్యి గాల్లో రాయి అయిపోతుంది.
అమ్మ అనాలంటే ముక్కుపుడక చోట వేలు పెట్టాలి.
వేలు ముక్కు చేరకముందే బొమ్మ బిగుసుకుందనుకోండి,
ఎనిమిది ఇళ్లల్లో ఎనిమిది మంది పిల్లల్ని
వేలు చూపించి బెదిరిస్తుంటాను.

జగదీశ్ మార్కెట్‌లో కుర్రాడు
బిల్లు వెనక రాసి చూపించాడు: "వంద ఎంబీ, మేడమ్!"
కింద నేను రాశాను: "కిందికి వంద. మరి పైకి?"
అతను సీలింగ్ ఫ్యాను వంక చూశాడు.

ఇంట్లోకి వచ్చేదే అందరూ కొలుస్తారు.
నాకు కావలసింది
ఇంట్లోంచి బయటికి వెళ్లేది.

సిమ్ము డబ్బా కొని నీళ్ల ట్యాంకు మీద పెట్టాను,
శ్రీశైలం రోడ్డు టవరు వైపు మొహం తిప్పి.
పొద్దున బాగానే ఉంది. సాయంత్రం మ్యాచ్ మొదలైతే
ఊరు ఊరంతా ఆ ఒక్క కుండలోనే ముంత ముంచేది.
ఆకాశం నుంచి పట్టే గొడుగు ఒకటుందన్నారు.
ధర చదివి, కాగితం మడిచి
పప్పు డబ్బా కింద పెట్టాను.

వేగం కొలిచే ముల్లు మీద నాకు నమ్మకం లేదు.
నా కొలత జైనబ్.
యాకుత్‌పురాలో ఉంటుంది, ఏడేళ్లు, ముందు పళ్లు రెండూ లేవు.
తనకి "వాన" చెప్తాను:
పది వేళ్లూ పైనుంచి, వణుకుతూ, కిందికి.
ఎక్కడ ఆగిందో తను తన ఒంటి మీద చూపిస్తుంది.
ట్యాంకు మీది డబ్బాతో
వాన తన భుజాల దాకా వచ్చేది.
ఒకసారి చెవుల దగ్గరే ఆగితే
గొడుగు మూసేసినట్టు చేసి నవ్వింది.

ఇక ఫైబరే.
ఇంతియాజ్ స్కూటరు మీద తీగచుట్టతో వచ్చాడు.
పదకొండు గుంజలు పాతాలి,
ఆరు మొగులమ్మ చేన్లో.
ఆమె పెదవులు నాకందలేదు, అటు తిరిగి మాట్లాడుతోంది.
ఇంతియాజ్ ఫోన్‌లో టైపు చేశాడు:
"వద్దంటోంది. పోయినేడు ఎవరో గుంజ పాతుతామని వచ్చి
హద్దురాయి జరిపారంట."

ఇక్కడ భూమి గజాల్లోకి మారాక
ఎవరు గునపం పట్టుకున్నా భయమే.
నేను గునపం తీసుకుని మా గోడ లోపల పడేశాను.
ఆమె చాలాసేపు నన్ను చూసింది.
తర్వాత తన కాకరపందిరి రాతికూసాలు చూపించింది,
వరసగా, ఒక్కొక్కటే, చేత్తో తట్టి.
వెళ్తూ ఏదో అంది. ఇంతియాజ్ నవ్వాపుకుంటూ టైపు చేశాడు:
"ఏ తీగ ఏదో తెల్వక కోస్తే నన్ననొద్దు."

నాలుగు పచ్చదీపాలు వెలిగాయి.
జైనబ్ వంగి
తన పాదాలు తడిశాయని చూపించింది.

పందొమ్మిది రోజులు.

ఇవాళ పదకొండు గంటలకి దీపం ఎర్రబడింది.
కిటికీలో మొగులమ్మ.
ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో
కాకరాకులు చుట్టుకున్న నల్లటి తీగముక్క.
ఏ సైగా నేర్చుకోని చేతులతో
అంతా చెప్పేసింది.

ఇంతియాజ్ ఇబ్రహీంపట్నంలో ఉన్నాడట. రెండు గంటలు పడుతుంది.
ఆమెకి కుర్చీ వేశాను.
కూర్చోలేదు, తెర దగ్గరికొచ్చి నిలబడింది.
అందులో జైనబ్ పది వేళ్లూ పైకెత్తి ఉంది,
వాన ఇంకా మొదలే కాలేదు.